గృహనిర్మిత విమానమునకు రెండవ ఆల్టర్నేటరు

సైకిలు చక్రమునకు ఆనుకొని తిరుగు డైనమోను తల్లిదండ్రులలో అనేకులు ఎరుగుదురు. చక్రము తిరిగినంతసేపు దీపము వెలుగును. చక్రము నిలిచినచో దీపమారును. పిల్లలకు విద్యుదుత్పత్తి పాఠము చెప్పునపుడు మేము ఆ డైనమోనే బల్లపై నుంచుదుము. ఇప్పుడు ఆ పాఠమునే కొంత దూరము కొనిపోయి, ఔత్సాహికులు స్వహస్తములతో కట్టుకొను చిన్న విమానములలో అట్టి పరికరమే ప్రాణరక్షణకు ఎట్లుపయోగపడునో మనవి చేయుచున్నాము.

అమెరికాలో బర్ట్ రూటాన్ రూపొందించిన లాంగ్ ఈజీ అను ఇద్దరు కూర్చుండు విమానము 1979లో తొలిసారి ఎగిరినది. దాని ఇంజను వెనుకభాగమున నుండును. పటములను కొనుక్కొని ఎందరో దానిని తమ ఇండ్లలోనే కట్టుకొనిరి.

ఇట్టి విమానముల ఇంజనులకు పూర్వము రెండు మాగ్నెటోలుండెడివి. అవి బ్యాటరీతో నిమిత్తము లేకయే నిప్పురవ్వను పుట్టించును గనుక, విద్యుత్తు పోయినను ఇంజను ఆగదు. నేడు పలువురు మాగ్నెటోలకు మారుగా ఎలక్ట్రానిక్ జ్వలన పరికరములను అమర్చుచున్నారు. వీనిలో అనేకము బ్యాటరీపై ఆధారపడును. రెండు మాగ్నెటోలను తీసివేసినవాని విమానమున విద్యుత్తుతోపాటు ఇంజనును ఆగవచ్చును! రెండవ ఆల్టర్నేటరు అవసరమైనది ఇందువలననే.

దానిని అమర్చుటకు చోటు ఇంజనుపైననే కలదు. వెనుకటి గైరో పరికరములను త్రిప్పుటకు వాక్యూము పంపు ఉండెడిది. ఎలక్ట్రానిక్ తెరలు వచ్చిన పిమ్మట ఆ పంపు స్థానము ఖాళీ అయినది. పెక్కు లైకమింగ్ ఇంజనులలో ఆ ఇరుసు క్రాంకు షాఫ్టుకంటె 1.3 రెట్లు వేగముగా తిరుగును. అచ్చట శాశ్వత అయస్కాంతముగల చిన్న ఆల్టర్నేటరును బిగింతురు. దానికి బెల్టు లేదు. ప్రధాన ఆల్టర్నేటరు బెల్టు తెగినను ఇది తిరుగుచునే యుండును.

అయితే ముందుగా లెక్క కావలయును. 8 ఆంపియర్లిచ్చు యంత్రము 14 వోల్టుల వద్ద 112 వాట్లు మాత్రమే ఇయ్యగలదు. జ్వలనమునకు 2, రేడియోకు 1, ట్రాన్స్‌పాండరునకు 2, తెరలకు 2 ఆంపియర్లు అనుకొందము, మొత్తము 7. దీనికి తోడు పిటాట్ గొట్టపు హీటరును వేసినచో పరిమితి దాటిపోవును. పైగా ఇంజను వేగము తగ్గినప్పుడు ఆ 8 కూడ రావు. ఈ కూడిక చేయకయే యంత్రమును కొనువారి తొందర మాకు వింతగా తోచును. మన యింటి ఫ్యూజు కాలిపోయిన చీకటిలో కూర్చుందుము; వారికట్లు కాదు గదా.

తీగల విషయమున మరింత జాగ్రత్త వలయును. రెండు ఆల్టర్నేటర్లకును ఒకే రెగ్యులేటరు, ఒకే ఫ్యూజు, ఒకే భూసంధానము ఉన్నచో, ఆ ఒక్కటి చెడిన రెండును వ్యర్థమే. కనుక వేటికవి వేరుగా నుండవలెను. రెండవ రెగ్యులేటరును మొదటిదానికంటె కొంచెము తక్కువ వోల్టేజి వద్ద నిలిపినచో, మొదటిది విఫలమై వోల్టేజి పడిపోగానే రెండవది తనంతట తానే భారము వహించును.

లాంగ్ ఈజీలో బ్యాటరీని సాధారణముగా ముక్కుభాగమున నుంచుదురు. ఇంజను వెనుక నున్నందున తీగలు పొడవగును. సన్నని తీగయైనచో దారిలోనే వోల్టేజి తగ్గును. వెనుక చేర్చిన బరువు గరిమనాభిని వెనుకకు జరుపును. గరిమనాభి హద్దు మీరి వెనుకకు పోయిన విమానము అదుపు తప్పవచ్చును. కావున మార్పు తరువాత విమానమును మరల తూచి, బరువును దూరముతో గుణించి సరిచూడవలయును.

పిమ్మట పరీక్ష. అమెరికాలో ఇట్టి విమానమునకు పెద్ద మార్పు చేసినపుడు, ప్రయాణికులు లేకుండ, నిర్ణీత ప్రాంతమున కనీసము 5 గంటలు ఎగిరి చూచుట ఆచారము. పట్టపగలు, విమానాశ్రయమునకు చేరువలో, ప్రధాన ఆల్టర్నేటరును ఆపి, అవసరమైన పరికరములను మాత్రమే ఉంచి, వోల్టుమీటరు ముల్లు ఎచ్చట నిలిచినదో చూచి, ఆ అంకెను లాగ్ పుస్తకమున వ్రాసికొందురు.