బొమ్మకు ముద్ర, పెట్టెలో కాగితం

నమోదైన కొండపల్లి కళాకారుడు తెల్ల పొణికి చెక్కతో చేసి అమ్మే ఏనుగు అంబారీకి ఐఎస్ఐ ముద్ర అక్కర్లేదు. ఫ్యాక్టరీలో పోతపోసిన ప్లాస్టిక్ ఏనుగును ఆ ముద్ర లేకుండా విజయవాడ బీసెంట్ రోడ్డులో అమ్మితే మాత్రం అది నేరం. ఈ తేడాకు మూలం కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరి 25న జారీచేసిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు. 2021 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకోవడానికి తయారైన వస్తువులన్నీ దీని కిందికి వస్తాయి. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో పనిచేసేవాటికి ఐఎస్ 15644 ప్రమాణాలు వర్తిస్తాయి. బొమ్మ ముక్కలు ఊడి పసిబిడ్డ గొంతులో అడ్డం పడతాయా, అంచులు కోసుకుంటాయా, నిప్పు తగిలితే ఎంత త్వరగా మండుతుంది అన్నవి పరీక్షల్లో చూస్తారు. రంగులోంచి బయటికి వచ్చే సీసం కిలోకు 90 మిల్లీగ్రాములు మించకూడదు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల విషయంలో ఈ పరిమితికి ఉన్న విలువ అంతా ఇంతా కాదు.

లైసెన్సు కావాలంటే తయారీదారు భారతీయ ప్రమాణాల సంస్థకు, అంటే బీఐఎస్‌కు, తయారీ విధానం, యంత్రాల జాబితా, పరీక్షా నివేదికల వంటి కాగితాలన్నీ సమర్పించాలి. లైసెన్సు వచ్చాక కూడా సరుకును ఎప్పటికప్పుడు పరీక్షించి, ఫలితాలను రికార్డుల్లో రాసి ఉంచాలి. కొనేవారికి ఇవేవీ కనిపించవు. వారికి కనిపించేది ఐఎస్ఐ గుర్తు, దానిపై ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యను ఫోన్‌లోని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిది, ఏ వస్తువుకు ఇచ్చారు, ఇంకా చెల్లుతోందా అన్నది తెలుస్తుంది. దొంగ ముద్రలు ఉన్నాయి కాబట్టి గుర్తు ఒక్కటే చూసి నమ్మకుండా, కొనేముందు ఈ పరిశీలన చేసుకోవడం మంచిది. ముద్ర తప్పనిసరైన సరుకును అది లేకుండా తయారు చేయడమే కాదు, దిగుమతి చేసుకోవడం, నిల్వ ఉంచడం, అమ్మకానికి పెట్టడం కూడా 2016 నాటి బీఐఎస్ చట్టం కింద నేరాలే. మొదటిసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా కనీసం 2 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చిన్న దుకాణదారుకూ ఇదే నిబంధన.

కొండపల్లికి మినహాయింపు 2020 డిసెంబరు సవరణతో వచ్చింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే వస్తువులకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వస్తువులను ఆ గుర్తింపు హక్కుదారులు, అధీకృత వినియోగదారులు తయారుచేసి అమ్మినప్పుడు ఆ ఉత్తర్వు వర్తించదు. ఇది న్యాయమైన సవరణ. చెక్క చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, ఇంటిల్లిపాదీ రంగులు వేసే కుటుంబం మీద ఫ్యాక్టరీ స్థాయి పరీక్షల ఖర్చు మోపితే ఆ చేతిపనే ఆగిపోయేది. అయితే మినహాయింపు ‘కొండపల్లి బొమ్మ’ అన్న పేరును చూసి ఇచ్చింది కాదు. కళాకారుల గుర్తింపు కార్డు లేకుండా, జీఐ వినియోగదారుగానూ నమోదు కాకుండా పనిచేసేవారికి ఆ రక్షణ లేదు. అందుకే కార్డు తీసుకోవడం, గడువు దాటకుండా చూసుకోవడం ముఖ్యం.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రావడం లేదు. ముద్ర నుంచి మినహాయింపు దొరికినంత మాత్రాన నష్టపరిహారం బాధ్యత పోదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని ఆరో అధ్యాయం ఆ బాధ్యతను విడిగా నిర్ణయిస్తుంది. కళాకారుడి దగ్గర కొని సొంత పేరు ముద్రించుకుని అమ్మే వ్యాపారిని కూడా ఆ చట్టం తయారీదారుగానే లెక్కిస్తుంది. బొమ్మల కొలువులో పెట్టే బొమ్మ వేరు, పాకే బిడ్డ చేతికిచ్చే బొమ్మ వేరు. ఏ రంగులు వాడారు, అలంకరణకా ఆటకా, ఎన్నేళ్లు నిండిన పిల్లలకు ఇవ్వవచ్చు అన్న నాలుగు మాటలు తెలుగులో అచ్చువేసి బొమ్మతోపాటు ఇస్తే అటు కొన్నవారికీ ఇటు చేసినవారికీ రక్షణ.

పెట్టెలో ఉండే కాగితానికి ఈ చట్టం తెచ్చిన బలం పెద్దది. సరైన వాడకానికి తగినన్ని సూచనలు, తప్పు వాడకం గురించి హెచ్చరికలు లేకపోవడమే 84వ సెక్షన్ ప్రకారం తయారీదారును బాధ్యుణ్ణి చేసే కారణాల్లో ఒకటి. నీళ్లు కాచుకునే కరెంటు రాడ్డును ఉదాహరణగా తీసుకోవచ్చు. స్విచ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టవద్దని, ఫలానా గీత వరకే ముంచాలని ఎక్కడా రాయకపోతే, రాడ్డులో తయారీ లోపం లేకపోయినా కేసు నిలిచే అవకాశం ఉంది. తయారీదారు ఇచ్చిన సూచనల కాగితాన్ని కొన్నవారికి అందించని దుకాణదారు 86వ సెక్షన్ కింద బాధ్యుడవుతాడు. తయారీదారు ఎవరో తెలియని సరుకు అమ్మినా అంతే. మరోవైపు, వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా దుకాణదారు మీద ఈ దావా చెల్లదు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారును తప్పుపట్టడమూ కుదరదు.

ఇక భాష విషయానికి వస్తే చట్టంలో పెద్ద లోటే ఉంది. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదుకు ఫోన్ నంబరు తప్పక ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. కానీ అవి హిందీలో గాని ఇంగ్లిషులో గాని ఉంటే చాలు. తెలుగు వాడవచ్చు, తప్పనిసరి కాదు. గుడివాడలోనో అవనిగడ్డలోనో రాడ్డు కొన్న గృహిణికి చదవరాని భాషలో ఉన్న హెచ్చరిక ‘తగినన్ని సూచనల’ కిందికి వస్తుందా అని వాదించడానికి చోటుంది. కేసును బట్టి వినియోగదారుల కమిషన్ తేల్చవలసిన ప్రశ్న ఇది. నిబంధనను సవరించి తెలుగును తప్పనిసరి చేస్తే ప్రమాదం జరిగాక వాదించుకునే అవసరం ఉండదు.

బొమ్మల మాదిరిగానే ప్రెషర్ కుక్కర్లకు 2021 ఫిబ్రవరి 1 నుంచి, ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు అదే ఏడాది జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. ముద్ర లేని హెల్మెట్లు, కుక్కర్లు, గ్యాస్ సిలిండర్లు కొనవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2021 డిసెంబరులో హెచ్చరిక జారీచేసింది. రోడ్డు పక్కన చవగ్గా దొరికే హెల్మెట్‌కు బిల్లు ఇవ్వరు. ప్రమాదం తరువాత ఎవరి మీద దావా వేయాలో కూడా తెలియదు.

వస్తువు వల్ల గాయమైతే దాన్ని బాగుచేయించకుండా, పారేయకుండా ఉంచాలి. బిల్లు, పెట్టె, సూచనల కాగితం, వైద్యం రసీదులు భద్రపరచాలి. ముద్ర విషయంలో మోసం ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. అవి విజయవాడలోనూ మచిలీపట్నంలోనూ ఉన్నాయి. కంపెనీ ఎక్కడున్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. పరీక్ష చేస్తే గాని లోపం తేలదనుకుంటే కమిషన్ నమూనాకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది. అందుకయ్యే రుసుమును ముందుగా కట్టమని ఫిర్యాదుదారును అడగవచ్చు. ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. పరీక్ష అవసరమైన కేసులను ఐదు నెలల్లో, మిగిలినవాటిని మూడు నెలల్లో ముగించేందుకు కమిషన్ ప్రయత్నించాలని చట్టం చెబుతుంది.