పరీక్ష రోజు ఆకలి ఎందుకు వేయదు?

పరీక్ష రోజు ఉదయం అన్నం సయించదు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

అమెరికాలో హార్వర్డ్ వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ 1897-98లో పిల్లులకు బిస్మత్ కలిపిన ఆహారం పెట్టి, ఎక్స్-కిరణాలతో వాటి జీర్ణాశయపు కదలికలను గమనించాడు. పిల్లి కలత చెందితే చాలు, ఆ కదలికలు ఆగిపోయేవి. శాంతించాక మళ్లీ మొదలయ్యేవి! భయం కడుపు దాకా వస్తుందన్నమాట.

మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు అపాయ సమయంలో ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాళ్ల కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. కుక్క తరిమినప్పుడు ఇది ఎంతో మేలు. అయితే కుక్క కాసేపటికి పోతుంది. పదవ తరగతి బెంగ నెలల తరబడి పోదు. అవే గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ అన్నాళ్లూ ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది, చదివింది గుర్తుండదు. దీన్ని బద్ధకమని తిట్టడం (పెద్దలు తరచు చేసే పని) జ్వరాన్ని తిట్టడం లాంటిదే.

రెండు వారాలైనా తగ్గకపోతే ఇంట్లో వారికో, మాస్టారికో చెప్పండి. వారితో చెప్పుకోలేకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన 'టెలి మానస్' అది. రుసుము లేదు, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. అవతలివారు ముందు మీరు చెప్పేది వింటారు. నిద్ర, తిండి, చదువు గురించి అడుగుతారు. అవసరమైతే మానసిక వైద్యుని వద్దకు పంపుతారు.

బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు చూడకూడదు. ఆ క్షణమే దగ్గరున్న పెద్దవారికి చెప్పాలి, లేదా ఆ నంబరుకు ఫోన్ చేయాలి.