ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటేనా?

ప్రశ్న: మాది కావలి, ఇంటిపేరూ కావలే. కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు మా పూర్వీకులేనా? డీఎన్‌ఏ పరీక్షలో తేలుతుందా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: తొందరపడకండి. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఏలూరువాళ్లు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ కోసం కైఫియత్తులు (ఊళ్ల చరిత్రలు), శాసనాలు సేకరించారు. బొర్రయ్య 1803లో పోయారు. రామస్వామి దక్కన్ కవుల చరిత్రలను 1829లో ఇంగ్లిషులో అచ్చువేశారు. ఆ సేకరణ ఇప్పుడు చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉంది. అందులో ఉన్నవి ఎక్కువగా ఊళ్ల చరిత్రలు, మీ వంశవృక్షం దొరుకుతుందని ఆశపడొద్దు.

ఊరిపేరు ఇంటిపేరైతే వచ్చే చిక్కే ఇది. కులగోత్రాలు వేరైన కుటుంబాలకూ అదే పేరు ఉంటుంది. ముందు గోత్రం కనుక్కోండి. తర్వాత ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచి పాత క్రయ దస్తావేజులు తీయండి. 'ఫలానా వారి కుమారుడు' అని రాస్తారు కాబట్టి ఒక్కో కాగితం ఒక్కో తరం వెనక్కి తీసుకెళ్తుంది.

ఇక డీఎన్‌ఏ పరీక్ష సంగతి. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఇంటిపేరులాగే. కానీ పోల్చడానికి ఆ సోదరుల మగ సంతతిలో ఎవరో ఒకరు దొరకాలి కదా! మధ్యలో ఒక్క దత్తత జరిగినా ఇంటిపేరుది ఒక దారి, క్రోమోజోముది ఒక దారి. మీ క్రోమోజోమూ వాళ్లదీ కలిసినా ఉమ్మడి మూలపురుషుడున్నాడని తెలుస్తుంది తప్ప ఆయన పేరేమిటో తెలియదు. పరీక్షకయ్యే డబ్బుతో ముందు రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు తీయించండి.