పుష్యమాసపు గింజలు, వేసవి కూరలు

మా చిత్తూరు వైపు చలి ముదిరిందంటే సంతలో అనపకాయలు కుప్పలు పోస్తారు. పచ్చి బఠాణీ కూడా అప్పుడే చవక. పండగ దాటాక కాయ ముదురుతుంది, ధర పెరుగుతుంది. దూరాన ఉద్యోగాలు చేసుకుంటున్న మా కోడళ్లు, మనవరాళ్లు వీటిని ఫ్రీజర్లో దాచడం గురించి ఫోన్లో అడిగేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

1. ఫ్రీజర్ కూరగాయను బాగు చేయదు. వాడిపోయినవి, మచ్చపడ్డవి పారేయడమెందుకులే అని అందులో పెట్టకండమ్మా. అవి ఆ పూటే వండేసుకోవాలి. చలికి క్రిములు చావవు, పెరగడం ఆగుతుందంతే. బయటికి తీయగానే మళ్లీ మొదలవుతాయి. అందుకే లోపలికి వెళ్లేది ఆ రోజు తెచ్చి, కడిగి, ఒలిచిన లేత సరుకే కావాలి.

2. గింజలు, బీన్స్, క్యారెట్, గోబీ పువ్వు ఏదైనా సరే, మరిగే నీళ్లలో వేసి తీయకుండా దాచొద్దు. ఎంత చలిలో ఉన్నా వాటిలోని ఎంజైములు మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి. నెలలు గడిచేసరికి రంగు పోతుంది, గడ్డివాసన వస్తుంది. ఆ పని ఆపేది వేడే.

అరకిలో గింజలకు నాలుగు లీటర్ల నీళ్లు పెట్టండి. తెర్లుతున్నప్పుడు గింజలు వేస్తే నిమిషంలోపు మళ్లీ తెర్లాలి. తెర్లలేదంటే గింజలు ఎక్కువయ్యాయని అర్థం. రెండోసారి తెర్లినప్పటినుంచి లెక్క పెట్టుకోండి: బఠాణీకి ఒకటిన్నర నిమిషం, క్యారెట్ ముక్కలకు రెండు, అనపగింజలకు సైజును బట్టి రెండు మూడు, బీన్స్‌కి, గోబీకి మూడు. తొందరపడి ముందే తీస్తే అసలు వేయకపోవడం కంటే నష్టం, ఎంజైములు ఇంకా రేగుతాయి. తీసిన వెంటనే ఐసు నీళ్లలో పడేసి అంతే సేపు ఉంచండి.

3. తడి ఆరాలి. నూలుగుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్ది, పళ్లెంలో ఒకే వరుసగా పోసి ఫ్రీజర్లో పెట్టండి. గట్టిపడ్డాక కవర్లలోకి ఎత్తితే గింజకు గింజ విడిగా ఉంటుంది. ఒక్కో కవరులో ఒక పూట కూరకు సరిపడానే. గాలి అంతా నొక్కి తీసి, పైన తేదీ రాయండి.

4. పితికిపప్పు కావాలంటే అనపగింజల్ని రాత్రి నానబెట్టండి. తెల్లారాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒత్తితే పొట్టు చేతిలో మిగిలి, లేతాకుపచ్చ బద్దలు గిన్నెలోకి జారతాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చేయాల్సిన పని ఇది. ఆ బద్దల్నీ ఒక్కసారి మరిగే నీళ్లలో వేసి తీసి, చల్లార్చి దాచుకోవచ్చు. వండేటప్పుడు కరగబెట్టకుండా నేరుగా మరిగే పులుసులో వేసేయండి. గట్టు మీద పెట్టి కరగనిస్తే మెత్తబడిపోతాయి.

5. కీరదోస, పచ్చి బంగాళాదుంప వద్దు. బీర, సొర నీరుగారిపోతాయి. టమాటా మెత్తబడినా చారుకు, పప్పుకు బాగుంటుంది. గోంగూరను కాస్త నూనెలో మగ్గించి, చల్లారాక చిన్న డబ్బాల్లో పెట్టుకోండి.

6. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైనుండే చిన్న అర చాలాసార్లు అంత చల్లగా ఉండదు. అందులో పెట్టినవి కొన్ని వారాల్లోనే వాడేయండి.

7. వేసవిలో కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చలి నిలుపుతుంది. ఊరెళ్లేటప్పుడు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల అడుక్కి దిగి ఉంటే లోపలిదంతా ఒకసారి కరిగి గట్టిపడిందని తెలుసుకోవాలి. అలాంటివి మొహమాటం లేకుండా పారేయండి, వాసన చూసి తేల్చుకోవద్దు. మీరు ఇంట్లో ఉండగానే కరెంటు తిరిగొచ్చి, కవర్లలో ఇంకా మంచు పలుకులు గరగరలాడుతుంటే మాత్రం భయం లేదు, తిరిగి పెట్టుకోవచ్చు.

8. పాత తేదీ కవరు ముందు తీయండి. ఎనిమిది నెలలనుంచి ఏడాదిదాకా రుచి నిలుస్తుంది. కొత్త కాయ సంతలోకి దిగేలోగా పాతది అయిపోవాలి.