తెల్లపొణికి గింజకు ముందే ఎరువు వద్దు

చిరంజీవి అమ్మాయికి,

నీ మొలకల ప్రాజెక్టుకు తెల్లపొణికిని ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకు ఆ మెత్తని కర్ర దొరకడం గగనమవుతోంది. మన మైలవరం పక్కనే అడవి ఉంది కాబట్టి ఆ చెట్టును పెంచే పని మనవాళ్లే చేయాలి.

సంచి మట్టిలో డీఏపీ ఎరువు కలిపితే త్వరగా మొలుస్తుందా అని అడిగావు. వద్దమ్మా. గింజ తన చద్దిమూట తానే తెచ్చుకుంటుంది. భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం ఫైటేటు రూపంలో లోపలే దాచుకుని ఉంటుంది. వేరు దిగేదాకా అవి చాలు. ఎరువు ఎక్కువైతే మట్టిలో ఉప్పు పెరిగి గింజ నీళ్లు పీల్చుకోలేదు. యూరియా అయితే అమ్మోనియా పుట్టి లేత వేరు మాడిపోతుంది.

అలాగని ఖనిజాలకు మొలకతో పనే లేదనుకోకు. నైట్రేటు సంగతి వేరు. చాలా అడవి మొక్కల గింజలకు అది తిండి కన్నా ముందు కబురు. నేల మీద మొక్కలు దట్టంగా ఉంటే వేళ్లు నైట్రేటును లాగేసుకుంటాయి. చెట్టు కూలి ఖాళీ ఏర్పడినా, ఎండిన నేల మీద తొలకరి పడి సూక్ష్మజీవులు లేచినా నైట్రేటు పెరుగుతుంది. పోటీ లేదు, లేవొచ్చు అని గింజకు తెలిసేది అలా. నైట్రేటును ఆహారంగా మార్చుకోలేని ఆరాబిడాప్సిస్ అనే మొక్క గింజలు కూడా దానికి మేలుకుంటాయని 2005లో తేలింది. గింజను నిద్రలో ఉంచే అబ్సిసిక్ ఆమ్లం విరిగిపోయేలా నైట్రేటు చేస్తుంది. తల్లి మొక్క తిన్నదీ లెక్కలోకి వస్తుంది: నత్రజని బాగా అందిన చక్రవర్తికూర గింజలకు నిద్ర పలచన.

తెల్లపొణికి పెంకు గట్టిది కనుక ముందు నీళ్లు లోపలికి పోతాయో లేదో తేల్చు. గింజలు తూచి, రాత్రంతా నానబెట్టి, తుడిచి మళ్లీ తూచు. బరువు పెరగలేదంటే నీళ్లే లోపలికి పోలేదు, ఇక నైట్రేటు ఏం చేస్తుంది? అప్పుడు పెంకును ఒక పక్క ఆకురాయితో గీకు. పప్పుకు తగలనీయకు.

తర్వాత మూడు రకాల పళ్లేలు పెట్టు. ఒకదానికి డిస్టిల్డ్ వాటర్, రెండోదానికి లీటరుకు 2 గ్రాముల పొటాషియం నైట్రేటు, మూడోదానికి లీటరుకు 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు. ఈ మూడోది మానేశావంటే, గింజను లేపింది నైట్రేటో పొటాషియమో నువ్వు చెప్పలేవు. వెలుతురులో కొన్ని, చీకట్లో కొన్ని ఉంచు. బోరు నీళ్లు మాత్రం వాడకు, వాటిలోనే లవణాలుంటాయి.

మొలవని గింజను పారేయకుండా కోసి చూడు. పప్పు తెల్లగా, గట్టిగా ఉంటే బతికి ఉండొచ్చు, దాన్ని చచ్చినవాటిలో కలపకు. ఏ చెట్టు కింద ఏరావో, ఏ తేదీన ఏరావో ప్రతి పొట్లం మీదా రాయి. అడవిలోకి వెళ్లే ముందు రేంజి ఆఫీసులో అనుమతి కాగితం తీసుకోవడం మరవకు.

ఇట్లు,
మీ పెదనాన్న