పాత ల్యాప్‌టాప్‌ను పక్కన పడేసే ముందు



పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల సంగతి అయ్యాక మా కంప్యూటర్ టీచర్లను మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "సార్, మా ల్యాప్‌టాప్ బాగానే పనిచేస్తోంది. విండోస్ 11 మాత్రం ఎక్కదంటోంది. కొత్తది కొనాల్సిందేనా?" అని. ఫీజులు, పుస్తకాలు, బస్సు చార్జీలు కట్టుకుంటూ మళ్లీ ల్యాప్‌టాప్‌కు వేలకు వేలు పెట్టాలంటే ఎవరికైనా బరువే. అందుకే ఈ నెల కంప్యూటర్ పాఠం పిల్లలకు కాదు, మీకు. ఒక ఆదివారం, ఒక పెన్‌డ్రైవ్, పక్కన మీ అబ్బాయో అమ్మాయో ఉంటే చాలు.

అసలేం జరిగింది?

విండోస్ 10 వచ్చింది 2015 జూలైలో. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ మూగబోలేదు కాబట్టి చాలామంది పట్టించుకోలేదు. ముప్పు నెమ్మదిగా వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లలో లోపాలు నెలనెలా బయటపడుతూనే ఉంటాయి. విండోస్ 11లో ఒక లోపాన్ని సరిచేస్తూ అప్‌డేట్ రాగానే, సైబర్ దొంగలు ఆ అప్‌డేట్‌నే విప్పి చూసి లోపం ఎక్కడుందో కనిపెడతారు. అదే లోపం విండోస్ 10లోనూ ఉంటే అక్కడ దాన్ని పూడ్చేవాళ్లు లేరు. మీరు బ్యాంకు పనులు చేసేదీ, ఆధార్, పాన్ కాపీలు దాచుకునేదీ ఆ కంప్యూటర్‌లోనే కదా.

దీనికి తాత్కాలికమైన ఉపాయం ఒకటి మైక్రోసాఫ్టే ఇచ్చింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్లి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. మీ సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఇంకా చేసుకోకపోతే ముందు ఆ పని చేయండి. తొందరపడి కొనకుండా ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది.

మరి మంచి ల్యాప్‌టాప్‌ను విండోస్ 11 ఎందుకు వద్దంటోంది? టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే, ఒకటీ అరా మినహాయింపులు తప్ప, 8వ తరం లేదా ఆ తర్వాతది కావాలి. మీ ల్యాప్‌టాప్ స్టిక్కర్ మీద కాకుండా సెట్టింగ్స్‌లో 'అబౌట్' పేజీలో చూడండి. ఐ5-7200యూ అని ఉంటే గీత తర్వాతి 7 తరాన్ని చెబుతుంది. ఐ5-8250యూ అయితే 8వ తరం. ఐ5-1135జీ7 లాంటి వాటిలో మొదటి రెండంకెలు, అంటే 11వ తరం. 8 లేదా ఆపైన ఉండి కూడా విండోస్ 11 రావడం లేదంటే, బయోస్‌లో టీపీఎం ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఇంటెల్ యంత్రాల్లో దాన్ని పీటీటీ అని, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అని రాస్తారు. దాన్ని ఆన్ చేయడంతోనే సమస్య తీరితే, ఈ వ్యాసంలో మిగతాది మీరు సరదాగా చదువుకోవచ్చు.

ఐదొందలకే కొత్త విండోస్

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రిపేరు షాపుకు వెళితే "ఐదొందలివ్వండి, విండోస్ 11 ఎక్కించేస్తా" అనేవాళ్లు దొరుకుతారు. తనిఖీలను తప్పించి ఎక్కించడం సాధ్యమే. కానీ అర్హత లేని కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ తమ తరఫున లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. దానికి తోడు లైసెన్సు లేకుండా యాక్టివేట్ చేసే "క్రాక్" ప్రోగ్రామ్ నడపాలంటే చాలాసార్లు యాంటీవైరస్‌ను ఆపమంటారు. కాపలావాణ్ని పంపేసి, ముక్కూమొహం తెలియనివాడికి తాళాలు ఇవ్వడమే ఇది. ఆ ప్రోగ్రాముల్లో పాస్‌వర్డ్‌లు కాజేసేవి దాచి పంపడం ఎప్పటి నుంచో ఉన్న దందా. కాపీ కొట్టొద్దని పిల్లలకు చెప్పే మనం వాళ్ల కళ్లెదుటే ఈ పని చేయించడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కక్కుర్తి పడకుండా, కొత్తది కొనకుండా బయటపడే దారి ఒకటుంది. లినక్స్.

ప్రింటర్ దగ్గర మొదలైన గొడవ

పేరు వినగానే ఇదేదో ఇంజినీర్ల వ్యవహారం అనుకోకండి. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నల్ మీదే. దీని వెనక కథ పిల్లలకు చెప్పదగ్గది కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. అక్కడివాళ్లందరికీ కలిపి ఒకటే ప్రింటర్. కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు. ప్రింట్ ఇచ్చిన మనిషి కాసేపాగి వచ్చి చూస్తే ఏమీ ఉండేది కాదు. పాత ప్రింటర్ ఉన్న రోజుల్లో స్టాల్‌మన్ దాని సాఫ్ట్‌వేర్‌ను కొంచెం మార్చి, కాగితం ఇరుక్కోగానే ప్రింట్ కోసం ఎదురుచూస్తున్న అందరికీ కబురు వెళ్లేలా చేశాడు. ఆ తర్వాత జిరాక్స్ సంస్థ నుంచి కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. దాని సాఫ్ట్‌వేర్ మూలప్రతి, అంటే సోర్స్ కోడ్, ఇవ్వలేదు. మరో విశ్వవిద్యాలయంలో అది ఉన్న మనిషిని వెతుక్కుంటూ వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానని అతను కాదన్నాడు. బాగుచేయడం వచ్చినవాడి ఎదుటే యంత్రం మొరాయిస్తోంది, ముట్టుకునే హక్కు మాత్రం అతనికి లేదు.

ఆ మంట ఆయనలో ఆరలేదు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఎవరైనా వాడుకోగల, విప్పి చూడగల, మార్చుకోగల, ఇతరులకు పంచగల పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ దాని లక్ష్యం. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన ఇంటి కంప్యూటర్ కోసం ఒక కెర్నల్ రాసి, మర్నాటి ఏడు దాన్ని గ్నూ వాళ్ల లైసెన్సు కిందే విడుదల చేశాడు. ఈ రెండూ కలిసిందే మనం లినక్స్ అని పిలుచుకుంటున్నది.

ఇంగ్లిష్‌లో ఈ సాఫ్ట్‌వేర్‌ను వర్ణించే 'ఫ్రీ' అనే మాటతో పెద్ద చిక్కు. డబ్బు తీసుకోకపోవడమా, స్వేచ్ఛ ఇవ్వడమా అన్నది ప్రతిసారీ విడమరిచి చెప్పాలి. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ పేరే 'స్వేచ్ఛ'. తెలుగులో మెనూలు కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది కూడా ఆ సంస్థే. పక్కన కేరళలో అయితే 2001లో మొదలైన 'ఐటీ ఎట్ స్కూల్' ప్రాజెక్టు, ఇప్పటి కైట్ సంస్థ, ప్రభుత్వ పాఠశాలల ల్యాబులను లినక్స్ మీదికి తెచ్చేశాయి. అక్కడి పిల్లలు ఐటీ పాఠం నేర్చుకునేది దాని మీదే.

మీ ఇంటికి సరిపోతుందా?

అన్ని ఇళ్లకూ సరిపోతుందని మేం చెప్పం. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ ఏళ్లపాటు కష్టపడి దాదాపు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. తిరిగి విండోస్‌కు వెళ్లాలని 2017లో నిర్ణయించుకుంది. కాబట్టి ముందు ఇంట్లో ఆ కంప్యూటర్ మీద జరిగే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఈ పని మీ పిల్లలకే అప్పగించండి.

ఆ కాగితంలో ట్యాలీ ఉందా? అయితే ఆ కంప్యూటర్ జోలికి వెళ్లకండి, ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుంది. జీఎస్‌టీ పనులకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడుతుంటే కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఫోటోషాప్, కోరల్‌డ్రా తప్పనిసరైన వాళ్లకు, అను ఫాంట్లలో పాత పేజ్‌మేకర్ ఫైళ్లు గుట్టలుగా ఉన్న డీటీపీ వాళ్లకు ఇది దారి కాదు. పెద్ద ఆన్‌లైన్ గేములు కొన్ని ఆడవు. మీ పిల్లలు ఇది విని మొహం మాడ్చుకుంటారు, మీరు మాత్రం దాన్ని లాభాల పద్దులో రాసుకోవచ్చు. కొన్ని పోటీ పరీక్షల మాక్ టెస్టులకు వాడే లాక్‌డౌన్ బ్రౌజర్లు కూడా లినక్స్‌లో ఎక్కవు. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు లినక్స్ వెర్షనే లేదు. మీ కోచింగ్ వాళ్లు ఏది వాడుతున్నారో ముందే కనుక్కోండి.

మిగతావాళ్లకు, అంటే ఇంటర్నెట్, యూట్యూబ్, వీడియో క్లాసులు, మెయిల్, ప్రాజెక్టు రాతలు, సినిమాలు, బ్యాంకు వెబ్‌సైట్లతో సరిపోయే ఇంటికి, లినక్స్ హాయిగా సరిపోతుంది. ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటుంది, క్రోమ్ కావాలంటే వేసుకోవచ్చు. వర్డ్, ఎక్సెల్ స్థానంలో లిబర్‌ఆఫీస్ ఉంటుంది. సీబీఎస్‌ఈ 9, 10 తరగతుల ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ సబ్జెక్టులో పిల్లలు నేర్చుకునేదీ ఇదే. 11, 12 తరగతుల్లో చదివే పైథాన్ లినక్స్‌లో చాలా వరకు వెంటే వస్తుంది. చిన్నపిల్లలకు జీకాంప్రిస్, టక్స్ పెయింట్, ఆకాశంలో నక్షత్రాలు చూపించే స్టెల్లేరియం ఉచితంగా దొరుకుతాయి.

ఆదివారం పని

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. విండోస్ అలవాటున్న ఇంటికి మేం చెప్పేది లినక్స్ మింట్. కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, అంతా తెలిసిన ఇల్లులాగే ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే అందులోనే తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి.

మొదట ఫోటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టులన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. డెస్క్‌టాప్ మీద కనిపించేవి నిజంగా కంప్యూటర్‌లో ఉన్నాయా, వన్‌డ్రైవ్‌లో ఉన్నాయా చూసుకోండి. తర్వాత మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచే ఫైల్ దించుకుని, రూఫస్ లేదా బలెనా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా పోతుంది. కంప్యూటర్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ, మీ కంపెనీని బట్టి, నొక్కితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

ఇక్కడే అసలు అందం ఉంది. ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ మొత్తం పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. మీ విండోస్‌ను ముట్టుకోదు. అలా ఉంచి వైఫై, స్పీకర్, మైకు, కెమెరా అన్నీ పరీక్షించండి. ఆన్‌లైన్ క్లాసు లింకు ఒకటి తెరిచి చూడండి. వైఫై పట్టకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది, తర్వాత డ్రైవర్ మేనేజర్ కావలసిన డ్రైవర్‌ను వెతికిపెడుతుంది. ప్రింటర్ విషయంలో మాత్రం తొందర వద్దు. హెచ్‌పీ ప్రింటర్లు చాలా వరకు తేలికగా పనిచేస్తాయి, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు బాగా విసిగిస్తాయి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే ఎప్పటి విండోసే వస్తుంది.

నచ్చితే రెండింటినీ పక్కపక్కన ఉంచుకునే ఏర్పాటు ఎంచుకోండి. దానికి ముందు విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోవడం మరిచిపోవద్దు. అది లేకుండా ఇరుక్కుంటే విండోస్‌లోని ఫైళ్లు ఇక దక్కకపోవచ్చు. డిస్కు మొత్తం చెరిపే ఎంపిక కూడా ఆ పేజీలోనే ఉంటుంది, చదవకుండా నొక్కకండి. ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న వంతు ఖర్చుతో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా రానంత వేగం వస్తుంది.

తెలుగు టైపింగ్‌కు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్, ఎమ్17ఎన్ అనే ప్యాకేజీలు వేసుకోండి. అందులో ఆర్‌టీఎస్ ఉంది, డీటీపీ చేసినవాళ్లు మరిచిపోలేని ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది.

పిల్లల ఖాతా గురించి ఒక జాగ్రత్త. విండోస్‌లో ఫ్యామిలీ సేఫ్టీ వాడుతున్నవాళ్లకు అంతటి ఏర్పాటు మింట్‌లో దొరకదు. పిల్లలకు అడ్మినిస్ట్రేటర్ కాని సాధారణ ఖాతా ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటి రూటర్‌లో డీఎన్‌ఎస్ చిరునామాను క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3కి మారిస్తే పెద్దల సైట్లు, హానికరమైన సైట్లు చాలా వరకు ఇంట్లోని అన్ని పరికరాల్లో ఆగిపోతాయి. అప్‌డేట్ మేనేజర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లను, టైమ్‌షిఫ్ట్‌లో వారానికోసారి స్నాప్‌షాట్‌ను ఆన్ చేయండి. ఏదైనా పాడైతే సిస్టమ్‌ను ఆ స్నాప్‌షాట్ తీసిన నాటి స్థితికి వెనక్కి తీసుకెళ్లవచ్చు.

పరీక్షల వారంలోనో, ప్రాజెక్టు ఇవ్వాల్సిన ముందురోజు రాత్రో మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. సెలవుల్లో మొదటి ఆదివారం చూసుకోండి. ప్రాజెక్టు ఫైళ్లను టీచర్లకు పంపేటప్పుడు లిబర్‌ఆఫీస్‌లో 'సేవ్ యాజ్' నొక్కి వర్డ్ రకం ఎంచుకోమని పిల్లలకు చెప్పండి.