నూటికెంత?

ఆదివారం హైదరాబాద్ లాలాపేట్‌లో గృహప్రవేశం. మేడమీద షామియానా వేయించాలా, ఫంక్షన్ హాలు మాట్లాడుకోవాలా? బుధవారం నుంచే ఇంటిల్లిపాదీ ఫోన్లు ముందేసుకుంటారు. ఒక యాప్‌లో ఉరుము బొమ్మ, ఇంకోదాంట్లో ఫెళఫెళ ఎండ. చివరికి మనకు కావాల్సింది చూపించిన యాప్‌నే నమ్ముతాం. ఉద్యోగం మారేటప్పుడు, ప్లాటు కొనేటప్పుడు కూడా వరస ఇదే. పదిమందిని అడిగి, మన మనసులో మాట చెప్పినవాణ్ని మెచ్చుకుంటాం.

రోజూ వాతావరణ మోడళ్లు చదివేవాళ్లకు ఆ సుఖం లేదు. తప్పు చెబితే మర్నాటికల్లా బయటపడుతుంది. అందుకే వాళ్ల పద్ధతులు అరువు తెచ్చుకోదగ్గవి. డిగ్రీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్‌గా పేరుపడ్డ సాయిప్రణీత్ వృత్తి సాఫ్ట్‌వేర్. 2021 జులైలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆయన పేరు ప్రస్తావించారు. మన వైపు తెలంగాణ వెదర్‌మ్యాన్ బాలాజీ పోస్టు చూశాకే బండి బయటికి తీసేవాళ్లున్నారు.

సలహా ఇచ్చేవాడి చూపు ఎంతవరకు ఆనుతుందో ముందు తెలుసుకోండి. అమెరికావాళ్ల జీఎఫ్‌ఎస్ మోడల్ నేలను సుమారు 13 కిలోమీటర్ల గళ్లుగా కోస్తుంది. యూరప్ వాతావరణ కేంద్రానిది 9. మన వాతావరణ శాఖ 2025 మేలో అందుకున్న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ది 6. పదమూడు కిలోమీటర్ల గడి అంటే లాలాపేట్ ఫ్లైఓవర్, తార్నాక చౌరస్తా, ఆర్ట్స్ కాలేజీ, హబ్సిగూడ అన్నీ పట్టాక ఇంకా చోటు మిగులుతుంది. ఆ మొత్తానికీ మోడల్ ఇచ్చేది ఒక్కటే అంకె. మే నెల సాయంత్రం తార్నాకలో కుండపోత, మెట్టుగూడలో పొడి రోడ్డు ఉంటే మోడల్ అబద్ధమాడిందని తిట్టకండి. అంత చిన్న మేఘం దాని కంటికి ఆనదు.

పెద్ద వ్యవస్థల సంగతి వేరు. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం లాంటివి వందల కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి కాబట్టి మోడళ్లకు ముందే దొరుకుతాయి. కానీ దాని దెబ్బకు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడితే బేగంపేటలో 19 పడింది. ఆ రెండింటి మధ్యనున్న లాలాపేట్ వంతు ఎంతో వారం ముందే తేల్చి చెప్పగల మోడల్ లేదు. వారం ముందు ‘వానలు పడే వాతావరణమేనా’ అని మాత్రమే అడగండి. ఏ పూట అన్నది ముందురోజు అడగండి. మన వీధి సంగతి కావాలంటే గంట ముందు రాడార్ చూడండి. అయిదేళ్ల తర్వాత జీతం రూపాయల్లో లెక్కగట్టేవాళ్లు కూడా ఇది గమనించాలి. అంత దూరానికి తమ రంగం ఎటు పోతోందో తెలిస్తే చాలు.

జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది. ఉదయం 5.30 నాటి పరిస్థితితో మొదలైన లెక్క తొమ్మిది దాటాక చేతికొస్తుంది. ప్రతి రన్‌కూ మనసు మార్చుకుంటే రోజుకు నాలుగు నిర్ణయాలు! వరసగా మూడు రన్‌లు ఒకే వైపు జరిగితే అప్పుడు కదలండి. అప్పుడూ కదలకపోతే అది నిలకడ కాదు, మొండితనం.

యూరప్ కేంద్రం ఇంకో పని చేస్తుంది. ఆరంభ పరిస్థితిని వెంట్రుకవాసి తేడాలతో మార్చి, అదే లెక్కను యాభైసార్లు నడుపుతుంది. యాభైలో నలభై వాన అంటే ధైర్యంగా చెప్పొచ్చు. పదిహేనే అంటే? నూటికి ముప్ఫై. మనవాళ్లు దాన్ని ‘రాదులే’ అని చదువుకుంటారు. చిక్కంతా అక్కడే. వానను ఆపే పందిరికి అదనంగా పదివేలు, తడిస్తే యాభైవేల నష్టం అనుకోండి. పదిని యాభైతో భాగిస్తే నూటికి ఇరవై. అవకాశం అంతకు మించితే ఖర్చు పెట్టాల్సిందే. ముప్ఫై అంటే ఇక ఆలోచించక్కర్లేదు. వాన రాకపోయినా ఆ నిర్ణయం తప్పు కాదు. మావయ్యగారు దెప్పినా సరే.

1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త ఇలాంటి అంచనాలకు మార్కులు వేసే పద్ధతి చెప్పాడు. నూటికి ఎనభై (0.8) అన్నారు, వాన పడింది (1). తేడా 0.2, దాని వర్గం 0.04. పడకపోతే తేడా 0.8, వర్గం 0.64. ‘ఖాయం’ అని బల్లగుద్ది చెప్పింది జరక్కపోతే నిండా 1. మార్కు ఎంత తక్కువైతే అంత మంచిది.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. సాయంత్రం వాన ఒక్కటే కాదు, ఇంటర్వ్యూ పిలుపు, బావమరిది దసరాలోగా అప్పు తీర్చడం, సెమిస్టర్ పరీక్ష వాయిదా పడటం, అన్నిటికీ ముందే అంకె వేసి తేదీ రాయండి. ‘నేను అప్పుడే అనుకున్నా’ అనే మాట ఆ పుస్తకం ముందు చెల్లదు. నెలాఖరున బ్రయర్ పద్ధతిలో మార్కులు వేసి సగటు తీయండి. 0.25 దాటిందంటే, ప్రతిదానికీ ‘సగం సగం’ అని చెప్పి చేతులు దులుపుకునే పక్కింటాయన మీకంటే నయం.